"మీరు" అనడానికి నాకు మూడేళ్ళు పట్టింది: ఫ్రాన్సిస్కన్ మూడవ సభలో నా అనుభవం

నేను రిటైర్డ్ టీచర్ని, గుంటూరులో ఉంటాను. పుట్టింది పల్నాడు వైపు ఒక ఆర్సీయం, అంటే రోమన్ కతోలికులుండే ఊళ్ళో. ఊరి పేరు చెప్పను, మా అన్నయ్య వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. సెక్యులర్ ఫ్రాన్సిస్కన్ ఆర్డర్ అని ఒకటుంది, మన పాతవాళ్ళు మూడవ సభ అంటారు, అందులో 2020 ఫిబ్రవరిలో మాటపట్టు ఇచ్చాను, అంటే ఆ సభ నియమాల ప్రకారం బతుకుతానని గుళ్ళో మాటిచ్చాను. ఈమధ్య మా విచారణలో, అంటే మా ఫాదర్ గారి గుడి పరిధిలో, ఒకమ్మాయి "ఆంటీ, అందులో చేరితే ఏం చెయ్యాలి, పెళ్ళైనవాళ్ళని తీసుకుంటారా" అని అడిగింది. ఫోన్లో చెబుదామని మొదలుపెట్టా, గంట గడిచినా సగం కూడా అవ్వలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు అదేంటో చెప్తాను. అస్సీసి ఫ్రాన్సిస్ అనే పునీతుల వారి పేరు మీద మూడు సభలున్నాయి. మొదటిది ఫాదర్లు, బ్రదర్లు. రెండోది క్లారమ్మ గారి మఠంలో ఉండే సిస్టర్లు. మూడోది ఇళ్ళల్లో, ఉద్యోగాల్లో, పొలాల్లో ఉండే మనలాంటి వాళ్ళది. 1221 నాటికే వీళ్ళకంటూ ఒక నియమావళి ఉంది, ఇప్పుడు మేం పాటించేది 1978లో ఆరవ పౌలు పోపు గారు ఆమోదించింది, మొత్తం 26 అంశాలే, చిన్న పుస్తకం. అంగీ ఉండదు, మఠం ఉండదు, మెడలో T ఆకారంలో చిన్న తావ్ సిలువ ఉంటుంది అంతే. భర్త, పిల్లలు, జీతం, కరెంటు బిల్లు అన్నీ మామూలే. మొదట కొన్ని నెలలు ఊరికే వచ్చి కూర్చుంటాం, తర్వాత ప్రవేశం, ఆ తర్వాత తక్కువలో తక్కువ ఏడాది శిక్షణ, మా దగ్గర ఇంకా ఎక్కువే పడుతుంది, అన్నీ అయ్యాక మాటపట్టు. ఇచ్చారంటే అది బతికినంతకాలానికీ.

నేను వెళ్ళింది 2017లో. మా వారు పోయి రెండేళ్ళయింది, పిల్లలిద్దరూ ఒకడు హైదరాబాదు ఒకడు అమెరికా, ఇల్లంతా ఖాళీ. కపుచిన్ ఫాదర్లు, అంటే మొదటి సభలో ఒక శాఖవాళ్ళు, ఉండే చోట నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం మీటింగ్ పెడతారని తెలిసి వెళ్ళాను. జపమాల, ప్రార్థన, క్రిస్మస్‌కి పేదలకి చీరలు, దుప్పట్లు ఇవ్వడం, ఇలాగే ఉంటుందనుకున్నా. మనసు కాస్త కుదుటపడుతుందని వెళ్ళాను, నిజంగా అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

శిక్షణ ఇచ్చేది ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, నాకన్నా ఆరేడేళ్ళు పెద్ద, అందరం అక్కా అనేవాళ్ళం. తెల్ల నూలు చీర, గవర్నమెంట్ హాస్పిటల్లో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేను చూడలేదు. ఒకరోజు నియమావళిలో 15వ అంశం చదివించింది. మూడవ సభ వాళ్ళు విడివిడిగానూ కలిసికట్టుగానూ న్యాయం కోసం ముందు వరసలో నిలబడాలి, బతుకుతోనే సాక్ష్యం ఇవ్వాలి, ధైర్యంగా పనులు చేయాలి అని ఉంటుంది అందులో. తర్వాత ఫ్రాన్సిస్ వారి కుష్ఠురోగి సంగతి చెప్పింది. అందరికీ తెలిసిన కథే, ఆయనకి కుష్ఠురోగులంటే మొదట్లో చాలా అసహ్యం, దేవుడే వాళ్ళ మధ్యకి తీసుకెళ్ళాడు, అప్పటిదాకా చేదుగా అనిపించింది తియ్యగా మారింది అని ఆయనే చివరి రోజుల్లో చెప్పుకున్నాడు. అది చెప్పి అక్క మమ్మల్ని ఒకటే అడిగింది, "మీ ఊళ్ళల్లో పల్లెలో వాళ్ళని మీరు ఏమని పిలుస్తారమ్మా?"

మా గుంటూరు వైపు పల్లె అంటే ఊరు కాదు, ఊరి బయట మాలవాళ్ళు ఉండే చోటు. నాకు అర్థమైంది, కానీ జవాబు రాలేదు. ఎందుకంటే మా నాన్న డెబ్బై ఏళ్ళ ముసలాయన్ని ఏరా అనేవాడు, నేను ఐదేళ్ళ పిల్లప్పుడు మా గొడ్లచావిడి ఊడ్చే ఆవిణ్ణి, మా అమ్మ ఈడు మనిషిని, పేరుపెట్టి ఏమే అని పిలిచేదాన్ని. ఎవరూ తప్పనలేదు. ఆవిడ కూడా నన్ను అమ్మా అనేది. ఇద్దరం ఒకే గుళ్ళో, పూజలో ఫాదర్ గారిచ్చే ఒకే సత్ప్రసాదం తీసుకునేవాళ్ళం. మేం బెంచీల మీద ముందు, వాళ్ళు చాపల మీద వెనక.

మాది రెడ్ల కుటుంబం, ముత్తాతల కాలం నుంచీ కతోలికులం అని మా ఇంట్లో ఎంతో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆ గొప్పలో రెండోది కూడా కలిసే ఉందని, మేం పైవాళ్ళం అనేది అందులోనే ఉందని నాకు యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా తట్టలేదు.

ఇక్కడ ఒకటి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్పకపోతే మిగతాదంతా అబద్ధం అవుతుంది. ఆ మీటింగ్ అయ్యాక బస్టాండుకి నడుస్తూ అక్క మాటల్లో తను కూడా ఒక పల్లెలోనే పుట్టానని చెప్పింది. అంతవరకు అక్క గారు, మీరు అని మాట్లాడుతున్న నాకు ఆ క్షణంలో లోపల ఏదో ఒక మెట్టు దిగినట్టు అనిపించింది, ఆవిడ దిగినట్టు. నోటితో ఏమీ అనలేదు, గారు అనే అన్నాను, కానీ మనసులో ఆ గారు ఊడిపోయింది. బస్సులో కూర్చున్నాక తెలిసింది నేనేం చేశానో. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాతి నెల వెళ్ళి అక్కకే చెప్పాను, ఇలా జరిగింది నాలో అని. తిడుతుందనుకున్నా. "నాకు కనిపించింది లే" అంది, "కాఫీ తాగుదువుగాని రా" అంది.

అప్పుడిచ్చిన పని ఇది: నెలకోసారి ఊరికి వెళ్ళు, మీ ఇంటికి కాదు, పల్లెకి. ఏమీ తీసుకెళ్ళకు, చీరలు వద్దు, బియ్యం వద్దు, స్వీటు ప్యాకెట్ కూడా వద్దు. కూర్చుని వాళ్ళు చెప్పేది వినిరా. పెద్దవాళ్ళని మీరు అను.

చేతిలో ఏమీ లేకుండా వెళ్ళడం ఎంత కష్టమో వెళ్ళేదాకా తెలియలేదు. సంచి ఉంటే ఇచ్చేదాన్ని నేను, తీసుకునేది వాళ్ళు, అలా అయితే ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. ఖాళీ చేతులతో వెళితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. మా చావిడి ఊడ్చిన పెద్దమ్మ ఇంటికే మొదట వెళ్ళాను. ఆవిడకి అప్పటికి ఎనభై దాటాయి, మంచం మీద కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది, నన్ను చూసి గబగబా లేవబోయింది. "కూర్చోండి పెద్దమ్మా, మీరు లేవొద్దు" అన్నాను. ఆవిడ కంగారు పడింది, ఎవరైనా వెనక వచ్చారేమో అని నా వెనక్కి చూసింది. మీరు అన్నది తననే అని అర్థం కాలేదు. అర్థమయ్యాక "అట్టా అనబాకమ్మా, నాకు బాగాలేదు" అంది, కోడలు లోపలికెళ్ళిపోయింది. నా నోరు కూడా తిరగలేదు, రెండు మాటలు మీరు అంటే మూడో మాట నువ్వు వచ్చేసేది. చిన్నప్పటి నుంచీ పట్టిన అలవాటు నాలుక మీద ఎక్కడ కూర్చుని ఉంటుందో ఆ రోజు తెలిసింది.

టీ ఇవ్వడానికి వాళ్ళకి భయం, తాగడానికి నాకు భయం, ఆ మాట కూడా ఒప్పుకోవాలి. మా ఇంట్లో వసారాలో చూరు కింద గూట్లో ఒక సొట్టపడ్డ స్టీలు గ్లాసు ఉండేది, పనికొచ్చిన వాళ్ళకి అందులోనే టీ, వాళ్ళే కడిగి అక్కడే పెట్టి వెళ్ళేవాళ్ళు. పెద్దమ్మ కోడలు నాకిచ్చిన గ్లాసు కొత్తది, స్టిక్కర్ కూడా సరిగ్గా ఊడలేదు, ఎవరి ఇంటి నుంచో అడిగి తెచ్చినట్టుంది. దాన్ని పట్టుకుంటే మా గూట్లో గ్లాసే గుర్తొచ్చి గొంతు దిగలేదు. నాకోసం కొత్త గ్లాసు వెతుక్కొచ్చిన ఇంటిమనిషికి మేం అరవై ఏళ్ళు సొట్ట గ్లాసు ఇచ్చాం.

అలా ఏడాది తిరిగాను. వినడం మొదలుపెడితే ఏవేవో బయటికొచ్చాయి, కూలి డబ్బులు, పెన్షన్లో వేలిముద్ర పడకపోవడం, పిల్లల చదువులు. పెన్షన్ పని ఇద్దరు ముగ్గురితో కలిసి ఆఫీసుకెళ్ళి చేయించాం, అది తేలిక. చదువుల దగ్గరే నా పాత తప్పు ఒకటి ఎదురొచ్చింది.

1998 ప్రాంతంలో నేను మా మండలంలోనే హైస్కూల్లో పనిచేసేదాన్ని. ఆరో తరగతి అడ్మిషన్లు రాస్తున్నా. పల్లె నుంచి ఒకాయన కొడుకుని తీసుకొచ్చాడు, కులం దగ్గర మాల, మతం దగ్గర హిందూ అని రాయమన్నాడు మెల్లగా. నేను పెన్ను పక్కన పెట్టి, అందరూ వింటుండగా, "ఏమయ్యా, ఆదివారం గుళ్ళో సత్ప్రసాదం తీసుకుని ఇక్కడ హిందూ అని రాయమంటావా" అన్నాను. క్రైస్తవుడు, బీసీ-సీ అని రాశాను. నిజమే కదా రాశాను అనుకున్నా, ఇన్నేళ్ళూ ఆ మాట తల్చుకున్నప్పుడల్లా నిక్కచ్చిగా ఉన్నానని కూడా అనుకున్నా.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, హిందువులైతేనే ఎస్సీ అన్నారు, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని, ముస్లింల్ని కలపలేదు. మన దగ్గర మాల మాదిగల్లో క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సీలోకి వెళ్తారు. రిజర్వేషన్ ఎస్సీలకి 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. బాప్తిస్మం తీసుకుంటే పల్లె మారదు, గ్లాసు మారదు, ఊరు పిలిచే పిలుపు మారదు, కాగితం మీద మాత్రం కులం మారిపోతుంది. అందుకే చాలామందికి రెండు పేర్లు, గుడి రిజిస్టర్లో ఒకటి, బడి రిజిస్టర్లో ఒకటి. అబద్ధాలాడే బుద్ధి ఉండి కాదు, నిజం చెబితే పిల్లవాడి సీటు పోతుందని. ఈ కేసు 2004 నుంచి సుప్రీంకోర్టులో ఉంది, 2023లో మన ఆంధ్ర అసెంబ్లీ కూడా దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది. ఆ 1950 ఉత్తర్వుకి నిరసనగా ఏటా ఆగస్టు 10న గుడుల్లో నల్ల రోజు పాటిస్తారు. అంతకుముందు నేను ఒక్క ఏడాది కూడా నల్ల బ్యాడ్జి పెట్టుకోలేదు, అది వాళ్ళ సమస్య అనుకున్నా.

ఆ పిల్లవాడు ఇంటర్ దాకా బాగానే చదివాడట, తర్వాత ఇంజినీరింగ్ సీటు రాలేదు, ఎస్సీ అయ్యుంటే ఆ ర్యాంకుకి వచ్చేదని ఊళ్ళో అందరికీ తెలుసు, నాకే తెలియదు. ఇప్పుడు లారీ తోలుతున్నాడు. ఆ ఇంటికి వెళ్ళడానికి నాకు ఐదు నెలలు పట్టింది, గుంటూరులో బస్సెక్కి మధ్యలో దిగి వెనక్కి వచ్చేసిన రోజు కూడా ఉంది. వెళ్ళినప్పుడు తండ్రి లేడు, పోయి చాలా ఏళ్ళైంది. తల్లి ఉంది, కొడుకు ఉన్నాడు. "నన్ను క్షమించండి" అని ఇద్దరికీ చెప్పాను, నేనేం చేశానో కూడా చెప్పాను. ఆ అబ్బాయి తలొంచుకుని ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. తల్లి చాలాసేపటికి అంది, "సీటు సంగతి వదిలెయ్యమ్మా. ఆయన ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలా. అంతమందిలో ఏమయ్యా అన్నదంట టీచరమ్మ అని, అదొక్కటే చెప్పాడు."

సీటు కాదు, ఏమయ్యా. నేను రిజిస్టర్ గురించి ఏడుస్తూ వెళ్ళాను, ఆ మనిషికి అన్నం సహించకుండా చేసింది నా పిలుపు.

అప్పటికి నా శిక్షణ పూర్తయింది, 2019 ఆగస్టులో మాటపట్టుకి పేరు ఇవ్వమన్నారు. నేనే వద్దన్నాను, ఇంకొన్నాళ్ళు ఆగుతానన్నాను. అక్క బలవంతపెట్టలేదు.

ఆ అక్టోబర్లోనే పెద్దమ్మ పోయింది. మూడు రోజులు ముసురు. మా ఊళ్ళో సమాధుల తోటలు రెండు. ఒకటి గుడి పక్కనే, ప్రహరీ గోడ, ఇనుప గేటు, లోపల సిమెంటు బాట, గేటు మీద దాతల పేర్లలో మా నాన్న పేరు ఉంటుంది. గుడి మెట్ల నుంచి రెండొందల అడుగులు కూడా ఉండదు. రెండోది వాగు అవతల. పూజ అయ్యాక పెట్టె ఎత్తారు, గేటు ముందు నుంచే తీసుకెళ్ళారు, ఆ గేటుకి తాళం వేసి ఉంది. వాగులో మోకాటి పైకి నీళ్ళు. ఆరుగురు మోస్తున్నారు, మధ్యలో ఒకబ్బాయి కాలు జారింది, పెట్టె ఒక పక్కకి ఒరిగి కింది చెక్క నీళ్ళకి తగిలింది, పెద్దకొడుకు తలవైపు ఉన్నాడు, "అమ్మ తడుస్తది, పైకెత్తండ్రా, అమ్మ తడుస్తది" అని అరుస్తూ తను మెడ దాకా వంగి భుజం మీద ఎత్తిపట్టాడు. ఫాదర్ గారు అంగీ ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పుస్తకం పైకెత్తి పట్టుకుని దాటారు. నేను ఒడ్డున నిలబడ్డాను. మా ఊరివాళ్ళు గుడి నుంచే వెనక్కి వెళ్ళిపోయారు, ఎప్పుడూ అంతే. కాసేపటికి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నేనూ దిగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, అడుగున బురద, కాలికి ఏదో ముల్లు గుచ్చుకుంది. చిన్నప్పటి నుంచీ ఆ ఊళ్ళో తిరిగినదాన్ని, ఆ వాగు దాటడం అదే మొదటిసారి.

తర్వాత మా ఫ్రెటర్నిటీలో, అంటే నెలనెలా కలిసే మా మూడవ సభ బృందంలో, ఈ విషయం పెట్టాను. 2016 డిసెంబర్లో మన దేశ కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య దళితుల గురించి ఒక విధానం విడుదల చేసింది, మన దేశంలో ఉన్న కోటీ తొంభై లక్షల కతోలికుల్లో కోటీ ఇరవై లక్షల మంది దళితులే అని, కతోలిక సభ లోపలే వాళ్ళ మీద వివక్ష ఉందని పీఠాధిపతులే ఒప్పుకున్నారు. అది కాపీలు తీసి, పల్లె వాళ్ళే అర్జీ రాసుకుంటే మేం ఐదుగురం వాళ్ళ వెంట ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాం. అర్జీ మేం రాయకూడదని అక్క ముందే గట్టిగా చెప్పింది, మీరు రాస్తే అది మళ్ళీ మీ దానమే అవుతుంది అంది. ఒక్క సమాధుల తోట చాలు, గేటు అందరికీ తెరవండి, అంతే అర్జీలో ఉంది. విచారణ కౌన్సిల్లో పెట్టారు. పెద్దమ్మ కోడలు లేచి నిలబడి వాగు సంగతి చెప్పింది, ఆ కౌన్సిల్లో పల్లె ఆడమనిషి మాట్లాడటం అదే మొదలు. "వాళ్ళకి వేరే ఉంది కదా, ఇప్పుడు ఈ గొడవ ఎందుకు" అన్నారు మా వాళ్ళు. మా అన్నయ్య నా వైపు చూడలేదు. వాయిదా వేశారు. ఆ వాయిదా ఇంకా అలాగే ఉంది, గేటు తాళం కూడా.

2020 ఫిబ్రవరిలో మాటపట్టు ఇచ్చాను. చిన్న చాపెల్లో, ముప్పై మంది లోపే. బతికినన్నాళ్ళూ నా ఇంటి బతుకులోనే సువిశేషం (సువార్త) ప్రకారం నడుస్తానని చదివేటప్పుడు గొంతు వణికింది. పల్లె నుంచి తొమ్మిది మంది ఆటోలో వచ్చారు, ముందు బెంచీలో కూర్చోండి అంటే వెనక్కే వెళ్ళబోయారు, అక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. మా వైపు నుంచి నా చిన్నకొడుకు ఒక్కడే వచ్చాడు.

2022 ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చ్‌బిషప్ పూల ఆంథోని గారు కార్డినల్ (సభలో పోపు గారి తర్వాతి స్థానం) అయిన రోజు పల్లెలో టపాకాయలు కాల్చారు. మన దేశంలో మొదటి దళిత కార్డినల్, తెలుగువాళ్ళలో కూడా ఆయనే మొదటి కార్డినల్. పెద్దమ్మ ఇంట్లో ఆయన ఫోటో మరియమాత పటం పక్కన కట్టారు. ఊళ్ళోనూ సంతోషించినవాళ్ళు ఉన్నారు, ఉన్నారని చెప్పాలి, కానీ మాట్లాడకుండా ఉన్నవాళ్ళే ఎక్కువ.

ఆ క్రిస్మస్‌కి నా ఇద్దరు కొడుకులకీ, అన్నయ్యకీ ఒక ఉత్తరం రాసిచ్చాను, సంతకం పెట్టి. గుడి పక్క తోటలో మా నాన్న, అమ్మ, మా వారి సమాధుల పక్కన నాకని కట్టి ఉంచిన చోటు నాకొద్దు, నేను పోతే వాగు అవతల పెట్టండి, వాళ్ళు ఒప్పుకుంటేనే. మా వారి పక్కన ఉండలేను కదా అన్నదొక్కటే బాధ, ఆ బాధ ఇప్పటికీ ఉంది. పెద్దకొడుకు అమెరికా నుంచి ఫోన్ చేసి ఏడ్చాడు. అన్నయ్య అప్పటి నుంచి మాట్లాడటం లేదు, వదిన మాత్రం పండక్కి అరిసెలు పంపుతుంది.

వాళ్ళు ఒప్పుకుంటేనే అని రాశాను కాబట్టి అడగాలి కదా. పెద్దమ్మ కోడలి దగ్గరికి వెళ్ళి, "మీ తోటలో నాకు కాస్త చోటు ఇస్తారా" అని అడిగాను. ఈసారి మీరు నోటికి వెతుక్కోకుండానే వచ్చింది. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని కాసేపు నన్ను చూసింది, పదండి చూపిస్తాను అని తీసుకెళ్ళింది. ఎండాకాలం, వాగు ఎండిపోయి ఉంది. పెద్దమ్మ సమాధికి నాలుగడుగుల అవతల, చింతచెట్టు కింద కాలితో గీత గీసి చూపించింది. "ఇక్కడైతే నీడ ఉంటది. కానీ వానాకాలం పోతే మిమ్మల్ని కూడా ఆ నీళ్ళలోనే తేవాలి, ముందు ఆ వాగు మీద తూములేసి దారి పోయించే పని చూడండి టీచరమ్మా" అంది. సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఇప్పటికి మూడుసార్లు అర్జీ ఇచ్చాం, కిందటి నెల ఇంజినీరు వచ్చి టేపు పెట్టి కొలుచుకుని వెళ్ళాడు. వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తున్నాం.